దిగిన తరువాత

ధ్యాన భాగము: 2 దినవృత్తాంతములు 14 నుండి 16 అధ్యాయములు



గిద్దలూరు, మార్కాపురముల నుండి గుంటూరు వైపు రైలులో పోవువారికి దొనకొండ స్టేషను తెలియును. ఆ ఊరియొద్ద బ్రిటిషువారి కాలములో విమానములు దిగుటకు స్థలమొకటి ఏర్పరచిరి. ఆనాటి విమానములు అనేకము, పేరుగాంచిన డకోటాతో సహా, ముందు రెండు పెద్ద చక్రములును తోకక్రింద ఒక చిన్న చక్రమును గలవి. 1958లో బెంగుళూరులో మొదటిసారి ఎగిరిన పుష్పక్ అను చిన్న విమానమును ఆ రీతిదే. మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బులలో అనేకులు దానిమీద నేర్చుకొనిరి.

అట్టి విమానమునకు చిక్కు ఆకాశమందు కాదు, నేలమీదనే. ట్రాక్టరు ముందుకు లాగుచున్నంతసేపు ట్రాలీ బుద్ధిగా వెనుక వచ్చును. వెనుకకు నెట్టి చూడుడి. కొంచెము వంకరపోయిన చాలును, ఆ వంకర తనంతట తానే పెరిగి ట్రాలీ అడ్డము తిరుగును. తోకచక్రపు విమానములో బరువు పెద్ద చక్రములకు వెనుక నుండును. ముక్కు ఏ కాస్త పక్కకు తిరిగినను వెనుకనున్న బరువు దానిని దాటి ముందుకు రాజూచును. విమానము గిర్రున తిరుగును, రెక్క నేలను రాచుకొనును, ఒక్కొక్కప్పుడు చక్రపు కాలే విరుగును. ముక్కుక్రింద చక్రమున్న విమానములలో బరువు పెద్ద చక్రములకు ముందుండును గనుక అవి తిన్నబడజూచును.

తోకనున్న చుక్కాని గాలి బలముగా తగులుచున్నంతవరకే పనిచేయును. వేగము తగ్గినకొలది దాని పట్టు సడలును. పక్కగాలి తోకను నెట్టి ముక్కును గాలివైపు త్రిప్పును. కాబట్టి పైలటు “క్షేమముగా దిగితిమి” అని ఊపిరి విడిచి కాళ్లు సడలించు ఘడియయే అపాయపు ఘడియ. చూపు దారి చివరనుంచి, వంపు కనబడీ కనబడకమునుపే మెల్లగా దిద్దుమనియు, ఆగువరకు పెడళ్లమీదనుండి కాళ్లు తీయవద్దనియు నేర్పువారు చెప్పుదురు. ఆలస్యముగా గట్టిగా త్రొక్కినయెడల అటు పోవునది ఇటు పోవును.

ఇది మన సంఘములలో చూడని సంగతియా? కరవులో నిలిచినవాడు, పస్తులుండియు కానుక మానని వాడు, బోరులో నీరుపడి పిల్లలకు ఉద్యోగములు వచ్చిన తరువాత కదా పక్కకు తిరుగుచున్నాడు! మొదట ఒక ఆదివారము, ఒక చిన్న అప్పు, ఒక మాట. చెప్పబోయిన వారితో, “ముప్పది యేండ్ల విశ్వాసిని, నాకు చెప్పువాడవా నీవు?” అనును. ఇక సంఘమో, పదియేండ్లు నోరు మెదపదు. పదకొండవ యేట లెక్కల పుస్తకము బల్లమీద కొట్టి వెలివేయును. కుటుంబము కుటుంబమే దూరమగును. అది కూడ చుక్కానిని ఆలస్యముగా త్రొక్కుటయే.

యూదా రాజైన ఆసాను చూడుడి. విగ్రహములను తీసివేసెను, తప్పు చేసిన తల్లినే రాణి పదవినుండి తొలగించెను. కూషీయుడైన జెరహు పది లక్షల సేనతో రాగా ప్రార్థించి గెలిచెను. అది అతని ఆకాశప్రయాణము. ముప్పదియారవ యేట, ఇశ్రాయేలు రాజు రామాను కట్టించుచుండగా, ఆసా దేవుని మందిరపు వెండి బంగారములు తీసి సిరియా రాజునకు పంపెను. ఆ యుక్తి పారెను కూడ! పారినందుననే వంపు అతనికి తెలియలేదు.

అప్పుడు దీర్ఘదర్శియైన హనానీ వచ్చి ఉన్నదున్నట్లు చెప్పెను. దిద్దుకొనుటకు ఇంకను సమయముండెను. ఆసా కోపగించి అతనిని చెరసాలలో వేయించెను. జనులలో కొందరిని బాధపెట్టెను. మూడేండ్లకు పాదములలో జబ్బు పుట్టెను. అప్పుడును వైద్యులనే నమ్ముకొనెను గాని దేవుని వెదకలేదు. (వైద్యునియొద్దకు పోవుట తప్పని దీని భావము కాదు, జ్వరము వచ్చినవారు ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.) నలువదియొకటవ యేట చనిపోగా, సుగంధద్రవ్యములతో నిండిన పడకమీద అతనిని ఉంచి గొప్ప మంట వేసిరి. హనానీని విడిపించినట్లు మాత్రము ఆ అధ్యాయములో ఎక్కడను లేదు.