రిలేలో రవ్వ, సబ్బాతు నియమం

సబ్బాతు నాడు ఇంట నిప్పు రాజేయకూడదన్న ఆజ్ఞ నిర్గమకాండము 35వ అధ్యాయంలో ఉంది. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా యూదులు దాన్ని పాటిస్తారు. ఆ రోజు మానవలసిన పనులను యూదుల ప్రాచీన ధర్మసంకలనమైన మిష్నా 39గా లెక్కగట్టింది. నిప్పు రాజేయడం, ఆర్పడం, కట్టడం, చివరి సుత్తిదెబ్బతో వస్తువును పూర్తిచేయడం అందులోవే. ఇళ్లలోకి కరెంటు వచ్చాక, స్విచ్ నొక్కడం వీటిలో దేని కిందికి వస్తుందన్న ప్రశ్న రబ్బీల ముందు నిలిచింది. ఫిలమెంటు బల్బు సంగతి తేల్చడం కష్టం కాలేదు. ఇనుమును కాల్చడాన్ని యూదు ధర్మవేత్త మైమోనిడీస్ 12వ శతాబ్దంలోనే నిప్పు రాజేయడం కింద చేర్చాడు. తెల్లగా కాలే టంగ్‌స్టన్ తీగ కూడా ఆ కోవలోదే. చిక్కంతా ఫ్యాను, లిఫ్టు, ఫ్రిజ్‌ల దగ్గర వచ్చింది. వాటిలో నిప్పు అనదగ్గది ఒక్కటే: కాంటాక్టుల మధ్య చటుక్కున మెరిసే రవ్వ.

ఆ రవ్వ చిన్నదే గాని, నిజమైన మంటకంటే వేడిది. కరెంటుతోనే పనిచేసే స్విచ్ అయిన రిలేలో పాయింట్లు, అంటే కాంటాక్టులు, విడిపోయేటప్పుడు అవి ఒకదాన్నొకటి తాకే చోటు కుంచించుకుపోతూ, చివరికి కరెంటంతా సూదిమొన పాటి చోటులోంచి పోవలసి వస్తుంది. అక్కడి వెండి కరిగి, సన్నగా సాగి, మరిగి తెగుతుంది. ఆ లోహపు ఆవిరిలో ఆర్కు నిలబడడానికి సుమారు 12 వోల్టులు, అర ఆంపియరు లోపు కరెంటు చాలు. లోడు మోటారో కాయిలో అయితే పరిస్థితి ఇంకా తీవ్రం. కాయిల్ తనలో ఉన్న శక్తితో కరెంటును ఆగనివ్వదు, వోల్టేజీ వందల్లోకి లేస్తుంది. పాయింట్లు కాలిపోయి గుంటలు పడేది ఇందువల్లే.

మరి ఎవరూ కోరని ఈ రవ్వకు స్విచ్ నొక్కినవాడు బాధ్యుడా? మిష్నాపై పండితుల చర్చల గ్రంథమైన తాల్మూద్‌లో దీనికి పనికొచ్చే చర్చ ఉంది. బల్లను ఈడ్చుకుపోతే నేల మీద గాడి పడవచ్చు; గాడి చేయాలన్న ఉద్దేశం లేకపోతే ఈడ్వవచ్చని రబ్బీ షిమోన్ అంటాడు. అయితే ఫలితం తప్పనిసరి అయినప్పుడు ఉద్దేశం లేదన్న మాట చెల్లదు. తల నరికి, చావును కోరలేదంటే ఎవరొప్పుకుంటారు? కాబట్టి రవ్వ ప్రతిసారీ వస్తుందా, అప్పుడప్పుడేనా అన్నది ధర్మనిర్ణయానికే ముఖ్యమైపోయింది. యెరూషలేముకు చెందిన రబ్బీ ష్లొమో జల్మాన్ ఔవర్‌బాఖ్ 1935లో ‘మెఓరే ఏష్’ అనే గ్రంథంలో విద్యుత్తు ప్రశ్నను లోతుగా పరిశీలించాడు. రవ్వ కోరుకున్నది కాదు, ప్రతిసారీ వచ్చేదీ కాదన్నది ఆయన వాదం. సర్క్యూట్ కలపడం అనే పనిలోనే నిషేధం ఉందని ఆయనకు రుజువు కాలేదు. అయినా స్థిరపడిన ఆచారాన్ని వదలమనలేదు. తర్కం ఒకవైపు, సంఘం నడత ఒకవైపు ఉన్నప్పుడు రెండింటినీ దాచకుండా చెప్పడం గొప్ప నిజాయితీ.

భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1985లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఒక సంభాషణ రాశాడు. రబ్బీలు కాబోతున్న యువకులతో, స్విచ్‌కు అడ్డంగా కండెన్సర్ పెడితే రవ్వే రాదని ఆయన చెప్పాడు. వాళ్లకు ఆ ఉపాయం నచ్చలేదు. ఇంజనీరింగ్ లెక్కన చూసినా అది సగం పరిష్కారమే. పాయింట్లు విడిపోతున్నప్పుడు కరెంటు కండెన్సర్‌లోకి మళ్లుతుంది, ఎడం పెరిగినంత వేగంగా వోల్టేజీ పెరగదు, ఆర్కు అంటుకోదు. కానీ తెరిచి ఉన్నంతసేపూ ఛార్జి నిండిన ఆ కండెన్సర్, డీసీ సర్క్యూట్‌లో పాయింట్లు మళ్లీ కలిసే క్షణాన ఒక్కసారిగా ఖాళీ అవుతుంది; ఆపినప్పటి రవ్వ వేసేటప్పటికి మారుతుందన్నమాట. అందుకే వరుసలో ఒక రెసిస్టరు కలుపుతారు, 0.1 మైక్రోఫారడ్‌కు 100 ఓములు సాధారణంగా కనబడే జోడు. రవ్వ బాగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందన్న హామీ లేదు. డీసీ కాయిల్‌కు అడ్డంగా డయోడ్ వేయడం మరో పద్ధతి.

రవ్వ పూర్తిగా పోయింది సాలిడ్ స్టేట్ రిలేతో. అందులో విడిపోయే పాయింట్లే లేవు. ఎల్ఈడీలో కాలే తీగా లేదు. అయినా ఆర్థడాక్స్ సంఘాల్లో నిషేధం సడలలేదు. ఆధారాలు వేరే ఉండడమే కారణం. సర్క్యూట్ కలపడం నిర్జీవమైన తీగకు ప్రాణం పోయడమనీ, అది కట్టడం కిందికి వస్తుందనీ ‘హజోన్ ఈష్’గా పేరుపొందిన రబ్బీ కరెలిట్జ్ అన్నాడు. అంతకుముందే ల్వోవ్ నగరపు రబ్బీ ఇత్సాక్ ష్మెల్కెస్ దాన్ని లేనిదాన్ని కొత్తగా పుట్టించడంగా భావించాడు. ఫైన్‌మన్‌కు ఎదురైన అయిష్టాన్ని ప్రకృతి పట్ల ఆసక్తి లేకపోవడంగా చూడడం తొందరపాటే. రవ్వ పలు ఆధారాల్లో ఒకటి; అది పోయినా మనిషి చెయ్యి యంత్రాన్ని ఆజ్ఞాపించడం అలాగే ఉంటుంది.

ఆ చేతినే దూరం జరిపే దారి మిష్నాలో దొరుకుతుంది. మంట పాకే దారిలో నీళ్లు నింపిన కొత్త మట్టికుండలు పేర్చవచ్చా? వేడికి అవి పగిలి మంటను ఆర్పేస్తాయి గనుక వద్దని రబ్బీ యోసే, పరవాలేదని మిగతా పండితులు. మనిషి నేరుగా కాక పరోక్షంగా మాత్రమే కారణమయ్యే ఈ సూత్రంతోనే ఇజ్రాయెల్‌కు చెందిన త్సోమెత్ సంస్థ స్విచ్‌లు రూపొందిస్తుంది: మీట నొక్కగానే ఏమీ జరగదు, ఉండుండి సర్క్యూట్‌ను తడిమి చూసే పరికరం, తన వంతు వచ్చినప్పుడు మార్పును గమనించి పని మొదలుపెడుతుంది. ఆసుపత్రి, భద్రత వంటి అవసరాలకే తప్ప ఇంటి సౌఖ్యానికి దీన్ని సాధారణంగా అనుమతించరు. ప్రాణాపాయమే ఉంటే ఇదీ అక్కరలేదు. రవ్వ వచ్చే మామూలు స్విచ్‌నే వెంటనే నొక్కాలన్నది ధర్మం.