పరీక్ష పెట్టేవాడి బాధ్యత

పిల్లలకు చదువు చెప్పబోయే మనిషికి చదవటం, రాయటం, లెక్కలు వచ్చునో లేదో చూడటంలో తప్పేముందని ఎవరైనా అడిగితే, తప్పు లేదనే ఒప్పుకోవాలి. భాగహారం రాని ఉపాధ్యాయుడి వల్ల నష్టపోయేది షావుకారు కొడుకు కాదు; వాడికి ఇంటి దగ్గర ట్యూషను మాస్టరుంటాడు. నష్టపోయేది కూలివాడి కూతురు. ఆ పిల్లకు బడి తప్ప మరో దారి లేదు. కనుక ఇలాంటి పరీక్షలన్నీ పాలకవర్గాల కుట్రలేనని ఒక్క మాటతో కొట్టిపారెయ్యటం అభ్యుదయం అనిపించుకోదు.

అయితే ఒక పరీక్ష న్యాయమైనదా కాదా అన్నది ప్రశ్నపత్రం చూసి తేల్చగలిగిన విషయం కాదు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో, తప్పినవాళ్ళను ఏం చేశారో కూడా చూడాలి. ఉపాధ్యాయులకు ఈ రకం పరీక్షలు చాలాకాలంగా పెడుతూ వచ్చిన అమెరికా చరిత్రను ఈ దృష్టితో పరిశీలిస్తే కొన్ని సంగతులు బయటపడతాయి.

ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు తెల్ల ఉపాధ్యాయుడికి ఒక జీతం, నల్ల ఉపాధ్యాయుడికి అంతకంటే తక్కువ జీతం ఉండేవి. 1940ల్లో నల్ల ఉపాధ్యాయులు కోర్టులకెక్కి గెలవటం మొదలుపెట్టారు. 1945లో సౌత్ కరోలినా రాష్ట్రం ఉపాధ్యాయుల యోగ్యతా పత్రాన్నీ, జీతాన్నీ ‘నేషనల్ టీచర్ ఎగ్జామినేషన్స్’ మార్కులకు ముడిపెట్టింది. జీతాల పట్టికలో రంగు మాట పోయి, మార్కుల మాట వచ్చింది. తరాల తరబడి నల్లవారి బడులకు డబ్బూ, పుస్తకాలూ, భవనాలూ ఇవ్వకుండా మాడ్చిన ప్రభుత్వమే, ఆ బడుల్లో చదివినవారికి మార్కులెన్ని వచ్చాయని అడిగింది. 1978లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. అందుకు భిన్నాభిప్రాయం ప్రకటించిన న్యాయమూర్తి ఒక లెక్క చూపించాడు: కొత్తగా పెంచిన మార్కుల హద్దుతో అనర్హులయ్యేవారు నల్ల అభ్యర్థుల్లో 83 శాతం, తెల్ల అభ్యర్థుల్లో 17.5 శాతం.

“మార్కులు అబద్ధమాడవు గదా!” అంటారు. ఆడవనే అనుకుందాం. లోటు ఉన్నమాట నిజమే అనుకుందాం. ఆ లోటు ఎవరి బాకీ? పరీక్ష రాసినవాడిదా, వాడికి చదువు చెప్పవలసి ఉండి చెప్పనివాడిదా? నైతిక సమస్య అంతా ఇక్కడే ఉంది. పరీక్ష లోటును చూపించి ఊరుకోదు. బాకీని ఒకరి పద్దులోంచి మరొకరి పద్దులోకి మార్చేస్తుంది.

కాలిఫోర్నియా సంగతి ఇంకా విచిత్రమైనది. అక్కడ 1981లో చేసిన చట్టం ప్రకారం, 1982 డిసెంబరు నుంచి కాబోయే ఉపాధ్యాయులకు చదవటంలో, లెక్కల్లో, రాయటంలో ‘సీబెస్ట్’ అనే పరీక్ష పెట్టసాగారు. చదవటానికి 50 ప్రశ్నలు, లెక్కలకు 50, రాతకు రెండు వ్యాసాలు. తెల్లవారికంటే నల్లవారూ, మెక్సికన్ సంతతివారూ, ఆసియా సంతతివారూ ఎక్కువగా తప్పారు. 1992లో ఆ వర్గాల ఉపాధ్యాయ సంఘాలు దావా వేశాయి. పరీక్ష చెల్లుతుందని 1996లో కింది కోర్టూ, 2000లో పైకోర్టూ తీర్పు చెప్పాయి. తీరా 2024లో, ఉపాధ్యాయుల కొరత పీడిస్తున్న రోజుల్లో, గుర్తింపు పొందిన కళాశాల నుంచి డిగ్రీ ఉంటే చాలునని మరో చట్టం చేశారు.

డిగ్రీని నమ్మలేకనే గదా ఆనాడు పరీక్ష పెట్టింది! మనిషిని పదహారేళ్ళు చదివించి, ఏటేటా పాసు చేసి, చివరకు “నీకు చదవటం వచ్చునా?” అని అడగటంలోనే ఒక ఒప్పుకోలు ఉంది: తాను ఇచ్చిన పట్టామీద తనకే నమ్మకం లేదు. పట్టా అబద్ధమైతే శిక్ష పట్టా ఇచ్చినవాడికి పడాలి. పట్టా నిజమైతే, నలభై ఏళ్ళకు పైగా ఆ పరీక్షలో తప్పి ఈ వృత్తికి దూరమైనవారికి ఏం సమాధానం చెబుతారు? అవసరం లేనప్పుడు తలుపు మూసి, మనుషులు చాలనప్పుడు తెరవటం న్యాయం కాదు, మార్కెట్టు. పరీక్షను ఎత్తేసినంత మాత్రాన బాకీ తీరదన్న సంగతి కూడా మరవకూడదు. నేర్పవలసింది ఇంకా నేర్పవలసే ఉంటుంది.

మరి మరో దారి లేదా? ఉన్నది. ఆ సౌత్ కరోలినాలోనే కనిపించింది. అక్కడ ఓటు హక్కుకూ అక్షరజ్ఞాన పరీక్ష ఉండేది. 1945 నాటి జీతాల పోరాటంలో పాల్గొన్న సెప్టీమా క్లార్క్ అనే ఉపాధ్యాయిని, నల్లవారి హక్కుల సంఘాన్ని వదలనన్నందుకు 1956లో ఉద్యోగం పోగొట్టుకున్నది. 1957 జనవరిలో జాన్స్ ఐలండ్‌లో, ఒక దుకాణం వెనక గదిలో, ఆమే, ఎసా జెంకిన్సూ కలిసి రాత్రిబడి పెట్టించారు. పాఠం చెప్పింది బెర్నీస్ రాబిన్సన్. ఆమె వృత్తి స్త్రీలకు జుట్టు అలంకరించటం. సంతకం ఎలా పెట్టాలి, మనియార్డరు ఫారం ఎలా నింపాలి అనే దగ్గర మొదలుపెట్టి, ఓటర్ల పరీక్ష దాకా తీసుకువెళ్ళారు. పరీక్షలో ఎవరు తప్పుతారో తెలుసుకుని వాళ్ళ దగ్గరికే వెళ్ళారు. రాబిన్సన్‌కు ఉపాధ్యాయ పట్టా లేదుగాని చదవటం, రాయటం బాగా వచ్చు. రాకపోతే ఆ బడి నడిచేదే కాదు. కనుక మనం కాదనవలసింది ప్రమాణాన్ని కాదు. ప్రమాణం చూపించి చేతులు దులుపుకోవటాన్ని.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. విద్యాహక్కు చట్టం వచ్చాక 2010 నుంచి మన దేశంలో ‘టెట్’ ఉన్నది. కొంతకాలం గడువిచ్చి, ఇప్పటికే పనిచేస్తున్న ఉపాధ్యాయుల్లో అధికభాగం కూడా అది నెగ్గి తీరాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో సుమారు 90 శాతం ప్రభుత్వేతరమైనవేనని జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే తెలిపింది. ఫీజు పుచ్చుకుని పట్టా అమ్మిన కాలేజీకి ఏ పరీక్ష ఉన్నది? ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క మంచి శిక్షణ తరగతి పెట్టని శాఖను ఎవరు తప్పిస్తారు? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా చివర నిలబడ్డ పంతులుదే అవుతుంది.

ఉపాధ్యాయులు పరీక్షకు భయపడి దాన్ని వ్యతిరేకించకూడదు. కూలివాడి కూతురికి మంచి పంతులు కావాలి. ఆ కోరికకు మనం అడ్డు నిలబడలేము. మనం అడగవలసింది ఇంకొకటి. తప్పినవాడి జవాబుపత్రం వాడిమీద తీర్పు మాత్రమే కాదు, ప్రభుత్వం పేర రాసిన ప్రోనోటు కూడా. దాన్ని మార్చుకుని చదువుగా పుచ్చుకునే హక్కు వాడికి ఉండాలి. ఆ హక్కు లేని పరీక్ష ఎంత కచ్చితంగా కొలిచినా దొంగ తూకమే.