చెడిపోయినదని తీర్పు తీర్చకముందు

ధ్యానభాగము: లూకా 15:8–10



ప్రభువు చెప్పిన ఉపమానములో ఒక స్త్రీ తన పది నాణెములలో ఒకదానిని పోగొట్టుకొనెను. పోయినదిలే యని ఆమె ఊరకుండలేదు, ఇంటివారిని నిందింపనులేదు. ముందు చీకటి మూలలకు వెలుగు తెచ్చెను. పిమ్మట చీపురు పట్టి నేలంతయు గాలించెను. నాణెము కంటబడువరకు పని మానలేదు. ఆమె ఓర్పును, ఆమె వెదకిన క్రమమును ఈ నెల ధ్యానింతము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో కొన్ని సంఘముల గదులలో నేడు కంప్యూటరున్నది. బాప్తిస్మముల జాబితా, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు, వలస పోయినవారి ఫోటోలు దానిలో నుండును. ఒక ఉదయమున మీట నొక్కిన అది లేవదు. దరఖాస్తుకు గడువు రెండు దినములే. వెంటనే ఒకరు, “ఇది చచ్చినది, క్రొత్తది కొనవలె” నందురు. కొనుటకు ధనమెక్కడిది? కూలివారు తమ కూలిలోనుండి తీసి యిచ్చిన కానుకే గదా! గద్వాల మగ్గముమీద ఒక పోగు తెగినచో నేతగాడు పడుగంతయు కోసివేయడు. తెగిన పోగును వెదకి ముడివేయును. ఇక్కడను అట్లే చేయవలెను.

మొదట, దగ్గర నున్నదానిని చూడవలెను. గోడ ప్లగ్గులో ఫోను ఛార్జరు పెట్టి చూడుడి; కరెంటు లేనిచో తప్పు కంప్యూటరుది కాదు. గాలివానకు కరెంటు పోయి వచ్చిన తరువాత యూపీఎస్ బ్యాటరీ దిగిపోయి యుండవచ్చును. దానిని తప్పించి నేరుగా ప్లగ్గుకు తగిలించి చూడుడి. డబ్బా వెనుకనున్న చిన్న స్విచ్చి వేసియున్నదా? తీగె వదులైనదా? తెరకు వేరే దీపమున్నది, అది వెలుగుచున్నదా? వీటికి ఒక్క పైసా ఖర్చు కాదు.

రెండవది, గుర్తులను గమనింపవలెను. డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ అను భాగము 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి లోపలి భాగములకు పంచును. దీపము లేదు, ఫ్యాను తిరుగదు అన్నచో అనుమానము అక్కడ. ఫ్యాను తిరిగియు తెర చీకటిగా నున్నచో అనేకసార్లు ర్యామ్ వదులగుటయో, దుమ్ము పట్టుటయో కారణము. అప్పుడు ప్లగ్గు తీసి, మీటను అరనిమిషము నొక్కి పట్టి, మూత తీయుడి. డబ్బా యినుమును ఒకసారి తాకి, ర్యామ్ పలకను తీసి, దాని అంచును మెత్తని రబ్బరుతో మెల్లగా తుడిచి, కొక్కెములు పడువరకు మరల నొక్కుడి. బీప్ శబ్దములు వినబడినచో ఎన్నియో లెక్కించి మెకానిక్కునకు చెప్పుడి. తెరమీద అక్షరములు వచ్చి ఆగిపోయినచో తగిలించియున్న పెన్‌డ్రైవు తీసి చూడుడి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రము విప్పకుడి. ప్లగ్గు తీసినను దానిలో కరెంటు కొంతసేపు నిలిచియుండును.

మూడవది, లోపల దాచియున్నదానిని కాపాడవలెను. యంత్రము లేవకపోయినను వ్రాతలు పోయినవని కాదు. అవి డిస్కులో నుండును. డిస్కును వేరొక యంత్రమునకు తగిలించి తరచుగా చదువవచ్చును. కాబట్టి, “మా వ్రాతలు తీసి యివ్వకముందు ఫార్మాట్ చేయవద్దు” అని మెకానిక్కునకు మొదటనే చెప్పుడి. ఇంత చూచిన తరువాత లోపలి బోర్డు కాలిపోయినదని తేలినచో క్రొత్తది కొనుట తప్పు కాదు. చూడకయే కొనుట తప్పు.

ఈ యంత్రమునందు మరియొక సంగతి కలదు. లేచిన ప్రతిసారియు అది పనికి పూనుకొనకముందు తన భాగములను తానే పరీక్షించుకొనును. 1981లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పీసీలోను ఈ యేర్పాటుండెను. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు, ప్రభువు బల్లయొద్దకు వచ్చువాడు తన్నుతాను పరీక్షించుకొనవలెనని బోధించెను. పొరుగువానిని పరీక్షింపుమని చెప్పలేదు.

సహోదరులారా, మూడు ఆదివారములు ఆరాధనకు రాని సహోదరుని గూర్చి మనమేమందుము? “వాడు పడిపోయెను” అందుము. దగ్గర నున్నదానిని చూచితిమా? ఇంటిలో రోగమున్నదేమో, బస్సు చార్జీ లేదేమో, మన కూటములో ఎవరో అన్న మాట అతని గుండెలో గ్రుచ్చుకొన్నదేమో! పరీక్ష తప్పిన కుమారుని “పనికిరానివాడ” వని తండ్రి యొక్క మాటతో కొట్టివేయును. వాని కన్నులు మసకగా నున్నవో, పుస్తకము లేదో అడుగడు. యంత్రము పోయిన మరియొకటి దొరకును. ఈ బిడ్డకు బదులు మరియొక బిడ్డ అంగడిలో దొరకునా?

మట్టిలో పడినను నాణెము విలువ తగ్గలేదు. అందుకే ఆ స్త్రీ వెదకెను. దొరికినప్పుడు పొరుగువారిని పిలిచి సంతోషించెను. ఈ నెలలో మన సంఘమునుండి తప్పిపోయిన ఒక్కరి యింటికైనను పోదము. తీర్పుతో కాదు, దీపముతో పోదము. వెదకు ఓర్పును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.