పక్క బోరుకు పోయిన నీళ్లు

అనంతపురం మెట్టలో ఒక ఊరు. వంక గట్టున ఒకామెకు మూడెకరాల చీనీ తోట, దానికో బోరు, బోరులో రెండించుల నీళ్లు. కాలవల్లో పారించినన్నాళ్లూ సగం నీళ్లు దారిలోనే పోయేవి. సబ్సిడీలో డ్రిప్పు పెట్టించుకుంది. నల్లటి పైపు వెంట ప్రతి చెట్టు మొదట్లో చుక్కచుక్కగా తడి. మోటారు ఆడే గంటలు సగమయ్యాయి. మిగిలిన నీళ్లను భూమిలోనే ఉండనిచ్చింది.

గట్టు అవతల ఆమె మరిదీ డ్రిప్పు పెట్టాడు. "నీళ్లు మిగుల్తాండాయి గదొదినా, ఊరికే పెట్టుకుంటే ఏమొస్తాది?" అంటూ ఇంకో మూడెకరాలు చీనీ నాటాడు. అతన్ని చూసి పక్కాయన, ఆయన్ని చూసి ఇంకొకరు. కొత్త తోటలకు కొత్త బోర్లు పడ్డాయి.

నాలుగో ఎండాకాలం అందరికంటే ముందు ఆమె బోరే ఆగి ఆగి పోసి, ఎండిపోయింది. ఆకులు ముడుచుకున్నాయి. పిందెలు గోళీలంత ఉండగానే రాలాయి. ట్యాంకరు నీళ్లు కొని పాదుల్లో పోయించింది. నెల తిరక్కముందే మరిది బోరూ ఎండింది.

ఆమె రచ్చబండ దగ్గరికి పోయి నిలబడింది. "నేను మిగిల్చిన నీళ్లు మీ బోర్లలోకొచ్చినాయి, మీరు తోడినారు. కింద నీళ్లు ఒకటే అయినప్పుడు పైన ఎవరి లెక్క వాళ్లదంటే ఎట్ల?"

ఆ ఏడు కొత్త తోట ఎవరూ పెట్టలేదు. కొర్ర, కంది చల్లారు. బతికున్న బోర్ల నీళ్లు వంతులేసుకుని పాత చెట్లకు పెట్టుకున్నారు.

నీతి: అందరూ కలిసి హద్దు గీసుకోకపోతే ఒకరి పొదుపును పదిమంది వాడకం మింగేస్తుంది. తక్కువ బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలొచ్చాక బొగ్గు వాడకం పెరిగిందే తప్ప తగ్గలేదని 1865లోనే ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ రాశాడు. కరెంటు తక్కువ కాలే ఏసీ కొని, ఆ ధైర్యంతో రెండో గదికీ ఒకటి బిగించే మన ఇళ్లలోనూ జరిగేది అదే. అలాగని ఒంటరిగా పొదుపు చేసేవాళ్లను తక్కువ చేయలేను. ఆమె ముందుగా తన మోటారు ఆపుకోకపోతే రచ్చబండ దగ్గర ఆ మాట ఎవరు అడగగలరు?

అడిగితే జనం వింటారా అంటే, విన్న ఊళ్లున్నాయి. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, రైతులే నడిపే భూగర్భజల పథకం ఒకటి సాగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడు నిలిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్నో, వేయాలనుకున్న పంటలకు ఎన్ని కావాలో లెక్క కట్టారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ శాసించలేదు. లెక్క కళ్లెదుట కనిపించాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.