నిమ్మళించిన గుండెను కదిలింపవచ్చునా?



నెమ్మదించిన గాయమును తిరిగి కదిలించుట దయయా, క్రూరత్వమా? ఈ ప్రశ్న నేడు గుండె వైద్యుల యెదుట నున్నది.

ఊపిరితిత్తులనుండి రక్తమును తెచ్చు సిరలు గుండెలో ప్రవేశించు చోట కొందరికి అదుపులేని విద్యుత్తు పుట్టి గుండె లయను చెరుపును. దానివలన రక్తము గడ్డకట్టి పక్షవాతము కూడ కలుగవచ్చును. ఆ విద్యుత్తు పుట్టుచోటును ఫ్రాన్సు దేశపు బోర్డో వైద్యులు 1998లో చూపిరి. తొడ మొదటి సిరగుండ కాథెటర్ అను సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, ఆ సిరల ముఖద్వారముల చుట్టు కాల్చి, విద్యుత్తు దారిని మూయుదురు. అయితే కాలిన కణములన్నియు చావవు. కొన్ని సొమ్మసిల్లియుండి, తరువాత తేరుకొని పాత దారిని తెరచును.

కావున కొందరు వైద్యులు అడెనోసిన్ అను మందు ఎక్కించి పరీక్షింతురు. దాని ప్రభావము కొన్ని సెకండ్లే. అంతలో గుండె కొంచెము ఆగవచ్చును. మెలకువగానున్న రోగికి రొమ్ము బిగిసినట్లుండును. కాని దాగిన దారి యున్నయెడల అది బయటపడవచ్చును. వెంటనే మరల కాల్చవచ్చును.

ఈ శ్రమకు ఫలమున్నదా? 2015లో ప్రచురింపబడిన అడ్వైస్ పరిశోధనలో 534 మందిని పరీక్షింపగా 284 మందికి దాగిన దారి కనబడెను. వారిని చీటి వేసినట్లు రెండు భాగములు చేసిరి. మరల కాల్చబడినవారిలో నూటికి 69 మందికి ఏడాదిలో ఆ బాధ తిరిగి రాలేదు. కాల్చబడనివారిలో 42 మందికే రాలేదు. అయితే అదే యేట ప్రచురింపబడిన జపాను పరిశోధనలో, 2113 మందిలో, ఈ పరీక్షవలన చెప్పుకొనదగిన మేలు కనబడలేదు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమి? నిశ్శబ్దమే స్వస్థత కాదు. గాయమును పైపైన మాన్పువారిని యిర్మీయా ప్రవక్త గద్దించెను గదా. అయినను పరీక్షించువాడు రోగి సమ్మతి పొంది, బాగుచేయు సాధనమును చేతనుంచుకొని పరీక్షింపవలెను. పరీక్షలో నిలిచినవానికిని ఇక భయము లేదని మాట ఇయ్యరాదు. తప్పు పట్టుటకే కదిలించుట క్రూరత్వము. మాన్పుటకు కదిలించుట దయ.

మన యిండ్లలో సద్దుమణిగిన తగవుల విషయమును ఇట్టిదే. సరిచేయు మనస్సు లేనివాడు వాటిని కదపకుండుటే మేలని మేము తలంచుచున్నాము.