పేరు మరిచిన మనిషి, పాట మరవని చేతులు

2011 జూన్‌లో అమెరికన్ గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ తనకు అల్జీమర్స్ జబ్బు వచ్చిందని లోకానికి చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 75. ఆయన పేరు వినని వాళ్లు కూడా ఆయన గిటారు విని ఉంటారు. 1960లలో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో ఎందరో పెద్ద గాయకుల రికార్డుల వెనక వాయించిన బృందంలో ఆయన ఒకడు. జబ్బు సంగతి బయటపెట్టాక ఇంట్లో కూర్చోలేదు. వీడ్కోలు యాత్ర అని పేరు పెట్టుకుని 2012 చివరి దాకా ఊరూరా తిరిగి కచేరీలు చేశాడు. బృందంలో ఆయన పిల్లలు ముగ్గురు ఉన్నారు. పాటల మాటలు కళ్లెదుట తెర మీద కదులుతుంటే చూసి పాడేవాడు. ఒక్కోసారి అప్పుడే పాడి ముగించిన పాటనే మళ్లీ మొదలుపెట్టేవాడు. కూతురు పక్కనుంచి మెల్లగా సర్దేది. గిటారు సోలో వచ్చేసరికి మాత్రం తెర అక్కర్లేదు, ఎవరూ అందించనక్కర్లేదు. వేళ్లు తమ దారిన తాము వెళ్లేవి.

1982లో ఆయన్ను పెళ్లాడిన కిమ్ ఇదంతా పక్కనుండి చూసింది. తర్వాత ఆయనకు మాటలు పోయాయి. మనుషుల పేర్లు పోయాయి. చివరికి గిటారూ పోయింది. 2014లో ఆయన్ను సంరక్షణ కేంద్రంలో చేర్చారు. 2017 ఆగస్టు 8న నాష్‌విల్‌లో కన్నుమూశాడు. ఆ ఏళ్లలో తాను కుంగుబాటులో పడిపోయిన సంగతి కిమ్ దాచుకోలేదు, బహిరంగంగానే చెప్పింది.

నిరుడు పాడిన మనిషి ఈ ఏడు భార్యను గుర్తుపట్టకపోతే, ఆ భార్య ప్రేమిస్తున్నది ఎవరిని? ఆస్పత్రి వసారాల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి: పైకి ఎలా ఉన్నా లోపల అసలు మనిషి చెక్కుచెదరకుండా ఉన్నాడు, పాట వచ్చినప్పుడు బయటికి తొంగిచూస్తాడు. రెండోది: ఆ మనిషి ఎప్పుడో పోయాడు, మిగిలింది డొల్ల, ఆ డొల్లకు అన్నం పెట్టడం అలవాటే గాని ప్రేమ కాదు. మొదటిది ఆత్మవాదం, రెండోది ఉచ్ఛేదవాదం. తథాగతుడు రెండింటినీ కాదన్నాడని మనకు తెలుసు. ప్రవచనంలో కాదనడం తేలిక. మంచం పక్కన కూర్చుని కాదనడం ఎలాగో చూడాలి.

సంయుత్త నికాయంలో ఒక రాజు కథ ఉంది. వీణ ఎరగని రాజు మొదటిసారి ఆ నాదం విని ముగ్ధుడై, దాన్ని పట్టుకు రమ్మంటాడు. వీణ తెచ్చి ముందు పెడితే, ఇది కాదు, నాకా నాదం కావాలంటాడు. కాయ, తోలు, దండి, తీగలు, వాయించేవాడి ప్రయత్నం అన్నీ కలిస్తేనే నాదమని చెప్పినా వినడు. వీణను ముక్కలు చేయించి, చీల్చించి, కాల్చించి, బూడిదను గాలికి వదిలి, ఈ వీణంత పనికిమాలిన వస్తువు లేదని తేలుస్తాడు. దీన్ని సాధారణంగా అనాత్మకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తాం. కాని రాజు చేసిన రెండో తప్పును గమనించాలి. నాదం ఒకచోట దాగి ఉందనుకోవడం మొదటి తప్పు. అక్కడ దొరకలేదు కాబట్టి నాదమన్నదే వట్టిదనుకోవడం రెండోది. నాదం ఉంది. కూడికలో ఉంది. నాలుగు తీగలు తెగినా మిగిలిన తీగతో, చెయ్యి తిరిగిన వాడితో, వినే చెవితో ఎంతో కొంత పలుకుతుంది.

మెదడు సంగతీ దీనికి దగ్గరగానే ఉంది. నిన్న ఏం తిన్నాం, ఎదురుగా ఉన్నది ఎవరు అనే జ్ఞాపకం ఒక తీరు. ఈత, సైకిలు, నాటు వేయడం, మగ్గం ఆడించడం, తీగ మీటడం లాంటివి చేతికి పట్టుబడ్డ మరో తీరు. అల్జీమర్స్ మొదటి దాన్ని ముందు తినేస్తుంది, రెండో దాని జోలికి ఆలస్యంగా వస్తుంది. చిరకాలంగా తెలిసిన పాటల జ్ఞాపకంలో పాలుపంచుకునే మెదడు భాగాలు కొన్ని ఈ జబ్బులో మిగతావాటి కన్నా తక్కువ దెబ్బతింటాయని 2015లో జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు చూపించారు. మరో గాయకుడు టోనీ బెనెట్‌కు 2016లో ఇదే జబ్బని తేలింది. 2021 ఆగస్టులో, 95 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో రెండు రాత్రులు నిండు సభలో పాడాడు. వాయిద్యాలు మొదలయ్యేదాకా తానెక్కడికి వచ్చాడో తెలియని మనిషి, అవి మొదలవగానే పాత టోనీ అయిపోయాడని భార్య సుసాన్ చెప్పింది. సాధన ఆపవద్దని ప్రోత్సహించింది ఆయన వైద్యురాలు గాయత్రీ దేవి.

ఇలాంటివి చూసి పాట మందు అనుకోకూడదు. పాట మందు కాదు. కచేరీ అయిపోయాక చీకటి మళ్లీ వస్తుంది. రాత్రి రెండింటికి లేచి తలుపు తియ్యమని కొట్టే మనిషిని పాట ప్రతిసారీ ఆపలేదు. వీడియోలు చూసిన బంధువులు, పాట పెట్టి చూశావా అని ఫోనులో సలహా ఇస్తారు. స్నానం చేయిస్తుంటే దెబ్బ తిన్న ఇల్లాలికి ఆ సలహా ఎలా వినిపిస్తుందో వాళ్లకు తెలియదు.

క్యాంప్‌బెల్ రికార్డు చేసిన చివరి పాటకు 'ఐయామ్ నాట్ గోన్నా మిస్ యూ' అని పేరు. 2014లో వచ్చింది, ఆస్కార్‌కు నామినేట్ అయింది. అందులో జబ్బుపడ్డవాడు భార్యతో, నువ్వు లేవన్న బాధ నాకుండదు, అదంతా నీ వంతే అనే అర్థంలో మాట్లాడతాడు. విడాకుల పాటలా వినిపించే ఈ మాటలో నాకొక పెద్ద నిజాయితీ కనిపిస్తుంది. దుఃఖం ఉన్నదన్నది మొదటి ఆర్యసత్యం. ఆ దుఃఖం ఇద్దరి మధ్య సమానంగా పంచబడదని ఈ పాట కలిపి చెబుతోంది. మరిచేవాడికి కొంతకాలం భయం, తర్వాత మరుపు. గుర్తున్నవాళ్లకు రెండు పాళ్లు.

అంగుత్తర నికాయంలో నకులమాత భర్త ప్రాణం మీదికి వచ్చినప్పుడు, నా గురించి దిగులుతో పోవద్దు, నాకు నూలు వడకడం వచ్చు, పిల్లల్ని సాకుతాను, ఇల్లు నడుపుతాను అని ధైర్యం చెబుతుంది. ఆయన కోలుకుంటాడు. అలాంటి భార్య దొరకడం అదృష్టమని బుద్ధుడు ఆయనతో అంటాడు. పతివ్రతల కథలతో పోల్చండి. ఇక్కడ ఆమె యముడి వెంటపడలేదు, నిప్పులో దూకలేదు. తన కాళ్ల మీద తాను నిలబడగలనని చెప్పింది. అయితే ఆ మాటలు అర్థం చేసుకోగల భర్తకు చెప్పినవి. మాట అర్థంకాని భర్తకు నకులమాత ఏం చెప్పగలదు? మాటల్లో అర్థం రాలిపోయాక మిగిలేది గొంతులో తీరు. మైత్రి ఆ తీరులోనే వినపడాలి. సంగీతకారుడి ఇల్లాలికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: ఆ ఇంట్లో అర్థం లేకుండా చెప్పుకునే భాష ముందునుంచే ఉంది.

ఆయనకు నువ్వెవరో కూడా తెలియనప్పుడు ఇంత చాకిరీ ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. ప్రేమ బదులు తీర్చుకునే అప్పు అనుకుంటేనే ఈ ప్రశ్న పుడుతుంది. వినయపిటకంలో విరేచనాలతో తన మలంలో తానే పడివున్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగిన ఘట్టం మనకు తెలుసు. ఎవరూ ఎందుకు చూడటం లేదని అడిగితే ఆ భిక్షువు, నేను ఎవరికీ ఏమీ చేయలేదు, అందుకే వాళ్లు నన్ను చూడటం లేదంటాడు. బుద్ధుడు ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని సంఘాన్ని అడిగాడు. ఆ బాధ్యతను ఒక్కరి నెత్తిన పెట్టలేదు కూడా. గురువు, శిష్యుడు, తోటివాడు, ఎవరూ లేకపోతే సంఘం మొత్తం.

మన ఇళ్లలో మాత్రం సంఘం మొత్తం అంటే ఒక్క ఆడమనిషి. ఆమె అలసిపోయి సంరక్షణ కేంద్రం మాట ఎత్తితే, మొగుణ్ణి వదిలించుకుంటోందంటారు. చూసుకుంటే కూడా అనుమానమే. బాబాసాహెబ్ చివరి ఏళ్లలో ఆయన ఆరోగ్యాన్ని కాచింది డాక్టర్ సవితా అంబేడ్కర్. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథానికి రాసిన ముందుమాటలో బాబాసాహెబ్ భార్యకూ, డాక్టర్ మాల్వంకర్‌కూ కృతజ్ఞత చెప్పుకున్నారు. 1957లో అచ్చయిన పుస్తకంలో ఆ ముందుమాట లేదు. ఆయన పోయాక ఆమె మీద ఎంత నింద పడిందో, విచారణలో సహజ మరణమని తేలినా ఆ నింద ఎంతకాలం వెంటాడిందో ఉద్యమంలో పెద్దవాళ్లకు తెలుసు. రోగి పక్కన నిలబడ్డవాళ్లను దూరాన నిలబడ్డవాళ్లు విచారించడం మన దగ్గర పాత అలవాటు. అదే సిగాలోవాద సుత్తం భార్య బాధ్యతలతో పాటు భర్త బాధ్యతలూ అయిదు లెక్కపెట్టింది. పాట మరిచింది భార్య అయితే భర్త ఆమె జుట్టు దువ్వుతాడా? ఈ ప్రశ్నకు మన ఇళ్లలో జవాబు చెప్పడానికి ఎక్కువమందికి అవకాశం రాలేదంటే నేను నమ్మను.

నిత్యం ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. పాటగాడైన భర్త సాయంత్రం చొక్కా తొడుక్కుని, కచేరీకి వేళయింది, తబలా ఆయన వచ్చాడా అని అడుగుతాడు. కచేరీ లేదు. ఆ తబలా ఆయన చనిపోయి పదేళ్లయింది. నిజం చెబితే ఆ చావు ఆయనకు ఇప్పుడే తెలిసినట్టు, మొదటిసారి ఏడ్చినట్టు ఏడుస్తాడు. రేపు మళ్లీ అడుగుతాడు, మళ్లీ ఏడుస్తాడు. వస్తున్నాడు, దారిలో ఉన్నాడు అంటే నాలుగో శీలం తప్పినట్టేనా? అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిన కొలతలు ఇక్కడ పనికొస్తాయి. నిజమైనా మేలు చేయని మాట తథాగతుడు పలకడు. నిజమై, మేలు చేసే మాటకు కూడా సమయం చూస్తాడు. అలాగని అబద్ధానికి ఆయన తలుపు తెరవలేదు. చచ్చిన బిడ్డను ఎత్తుకుని మందడిగిన కిసాగోతమికి ఆయన, నీ బిడ్డ చచ్చాడని ముఖాన చెప్పలేదు. బతికిస్తానని మాటా ఇవ్వలేదు. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. ఆవాలు వెతికే బుద్ధి కూడా లేని రోగికి ఏం చేయాలి? తబలా ఆయనతో మీరు వాయించిన ఆ రాత్రి గురించి చెప్పండి అనవచ్చు. ఆయన రాకముందు ఒకసారి శ్రుతి చూసుకుందాం రండి అంటే అది అబద్ధం వైపు ఒక అడుగు. నాకు మొదటిదే మేలనిపిస్తుంది. రెండోది అన్న ఇల్లాలిని శీలం తప్పావని అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

మన పాఠకుల ఇళ్లలో ఇది ఇంకో రూపంలో వస్తుంది. యవ్వనానికి ముందూ వెనకా నేర్చిన పాటలే ముసలితనంలో చివరిదాకా నిలుస్తాయి. నలభై ఏళ్ల వయసులో దీక్ష తీసుకుని, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసి, పల్లెపల్లెకూ జైభీమ్ పాట పట్టుకుపోయిన గాయకుడికి ఎనభైలో మతి తప్పితే నోట ఏ పాట వస్తుంది? బహుశా చిన్నప్పుడు చర్చిలో పాడిన కీర్తన. లేదా రామభజన మండలిలో హార్మోనియం మీద పట్టిన పాట. కొడుకుకు తల కొట్టేసినట్టవుతుంది. విహారం నుంచి వచ్చినవాళ్ల ముందు టీవీ శబ్దం పెంచుతాడు. భార్య మాత్రం పక్కన కూర్చుని చేతులతో తాళం వేస్తుంది. ఆమెదే ధమ్మం అంటాను. ప్రతిజ్ఞ చేసింది ఆలోచించగల మనసు. ఆ ప్రతిజ్ఞతో ఆయన చేసిన పని ఊళ్లో అలాగే ఉంది, దాన్ని ఒక కీర్తన చెరపలేదు. ఇప్పుడు పాడుతున్నది నమ్మకం కాదు, గొంతుకు పట్టిన దారి. దాన్ని నొక్కేస్తే ఆయనకు మిగిలిన ఒక్క తీగనూ మనమే తెంపినట్టు. ఎదుటివాడి మనసు తేలికపడుతుంటే అందులో దేవుడి పేరుందని వెనకాడే మైత్రి చాలా చిన్నది. ఈ జబ్బును పూర్వజన్మ కర్మ అనే బంధువుల నోరు మూయించడానికి ఆ పట్టుదల ఉపయోగించడం మంచిది. గతజన్మ కర్మను బాబాసాహెబ్ ఎంత గట్టిగా తిప్పికొట్టారో ఆ గ్రంథంలోనే ఉంది.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. ప్రతి విహారం పరిధిలోనూ ఒకటి రెండు ఇళ్లయినా ఉంటాయి. పున్నమి రోజు వందనం అయ్యాక ఇద్దరు ఉపాసకులు అలాంటి ఇంటికి వెళ్లి రెండు గంటలు కూర్చోవచ్చు. ప్రవచనం అక్కర్లేదు. ఆయనకు ఏ పాటలు వచ్చో ముందుగా ఇల్లాలిని అడిగి రాసుకోవాలి. రోగం ముదరకముందే ఆయన గొంతులో వాటిని ఫోనులో రికార్డు చేయగలిగితే మరీ మంచిది. డప్పు వాయించిన మనిషైతే డప్పు చేతికి ఇవ్వాలి, శబ్దానికి పక్కింటివాళ్లను ముందే ఒప్పించుకోవాలి. ఎనిమిది శీలాల రోజున పాటకు దూరంగా ఉండేవాళ్లు ఆ పని ఇంకొకరికి అప్పగించి, వంటగదిలో గిన్నెలు తోమవచ్చు. ఆ రెండు గంటలూ ఆమె పక్క గదిలో తలుపు వేసుకుని నిద్రపోతుంది.