శివుడి పరివారం, జోగిపేట మిత్రులు

‘జాతిరత్నాలు’ 2021 మార్చి 11న విడుదలైంది. ఆ రోజు మహాశివరాత్రి. సెలవు చూసుకుని పెట్టిన తేదీ కావచ్చు గానీ, ఆ సినిమాకు అంతకన్నా తగిన రోజు లేదని నా నమ్మకం.

కథ తెలిసిందే. తండ్రి నడిపే లేడీస్ ఎంపోరియంలో కూర్చోవడం ఇష్టంలేని శ్రీకాంత్ ఉద్యోగం కోసం జోగిపేట నుంచి హైదరాబాదు చేరతాడు. స్నేహితులు రవి, శేఖర్ అతని వెంటపడతారు. ముగ్గురూ ఓ ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. ముగ్గురిలో ఎవరివల్లా ఎవరికీ చిల్లిగవ్వ లాభం లేదు. అయినా ఆ జట్టు చెదరదు.

డిగ్రీ కాలేజీలో నేను ఏటా అరిస్టాటిల్ పాఠం చెప్పేదాన్ని. అవసరానికి చేసే స్నేహం, సరదాకి చేసే స్నేహం, గుణం చూసి చేసే స్నేహం అని ఆయన మూడు రకాలు చెప్పాడు. మూడోదే సంపూర్ణం అన్నాడు. ఒకసారి చివరి బెంచీ అమ్మాయి లేచి, “మరి మా గ్యాంగు ఏ రకం మేడమ్?” అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా పెద్దదనిపించింది. తెలివీ, గుణమూ, డబ్బూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎంచుకుంటారు, సరే. ఎవరూ ఎంచుకోనివాళ్ళ మాటేమిటి? అర్హత లేనివాడికి తోడు దొరకడం న్యాయమేనా?

శివుడి మామ దక్షుడు కాదంటాడు. భాగవతం నాలుగో స్కంధంలో నిండుసభలో అతను శివుణ్ణి తిట్టిన తిట్లు చూడండి: శ్మశానాల్లో భూతప్రేతాలను వెంటేసుకుని తిరుగుతాడట! మన ఇళ్ళలో రోజూ వినిపించే మాటే ఇది, “వాడి సావాసం బాగాలేదు” అని. శివపురాణంలో శివుడి పెళ్ళివారు తరలివస్తుంటే ముఖం లేనివాళ్ళు, పెక్కు ముఖాలవాళ్ళు, చేతులు లేనివాళ్ళు కనిపించి పార్వతి తల్లి మేనాదేవి మూర్ఛపోయింది. తర్వాత శివుడు అత్తగారి కోసం సుందరరూపం ధరించాడు. ప్రమథగణాలను మాత్రం వదులుకోలేదు. ఇవాళ్టికీ కైలాసంలో ఆయన పరివారం వాళ్ళే. జోగిపేట జట్టు సినిమాకు శివరాత్రి తగిన రోజు అన్నది అందుకే.

భగవంతుడు యోగ్యత తూచి దగ్గరికి తీస్తాడనే మాటను ఆ పెళ్ళి ఘట్టం ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను.

సత్సంగం గొప్పదే, కాదనను. చెడు సావాసంతో పాడైన పిల్లలనూ చూశాను. అయితే తప్పు చేయమని తోసేవాడు వేరు, ఏ పనీ చేతకానివాడు వేరు. దక్షుడు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టాడు. చాలామంది తల్లిదండ్రులూ అదే చేస్తున్నారు. మార్కులు తక్కువ వచ్చిన కుర్రవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తున్నారు.

వాళ్ళకు నా మనవి ఒక్కటే. మీ అబ్బాయి స్నేహితులు ఇంటికొస్తే ర్యాంకులూ ప్యాకేజీలూ అడక్కండి. భోజనం వేళయితే వాళ్ళకూ కంచాలు పెట్టండి.